ఉద్దానంలోని ఒక డయాలసిస్ కేంద్రం: అక్కడ అందుతున్న సేవ

శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు మాట వినబడని ఊరిని వెతికి చూపించడం కష్టం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఈ ఉద్దానంలో, మధుమేహం లేనివారికి సైతం మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో, ఇదీ కారణమని పరిశోధకులు నేటికీ తేల్చి చెప్పలేకపోయారు. మా మేనమామ కూడా ఆ రోగులలో ఒకరు. ఆయనకు తోడుగా వెళ్తూ ఇక్కడి ఒక ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాన్ని చాలాకాలంగా దగ్గర నుంచి చూస్తున్నాను కనుక, కొత్తగా చేరబోయే కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఖర్చు సంగతి త్వరగా చెప్పవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలసిస్‌కు రోగి రుసుము చెల్లించనవసరం లేదు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది.

రోగి రాగానే ముందుగా బరువు తూస్తారు. గత డయాలసిస్ తరువాత ఒంట్లో ఎంత నీరు చేరిందో ఆ బరువును బట్టి తెలుస్తుంది, ఆ నీటిని సుమారు నాలుగు గంటల్లో యంత్రం ద్వారా తీయవలసి ఉంటుంది. నీరు మరీ ఎక్కువగా చేరినప్పుడు వేగంగా తీయవలసి రావడం వల్ల రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అందువల్ల బరువు పెరిగిన రోగిని కోప్పడే హక్కు నర్సుకు ఉంది. కానీ ఇక్కడి నర్సు, "ఏటి తాతా, మల్లీ నీల్లెక్కువ తాగీసినావేటి?" అని మెల్లగా అడిగి, ఎండ ఎక్కువగా ఉందా, పొలానికి వెళ్లావా అని ఆరా తీస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఒంట్లో అది పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నందున ఈ రోగులు వాటిని తాగకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను నేలకూల్చిన తరువాత మళ్లీ మొక్కలు నాటి పెంచుకున్న రైతుతో, నీ చెట్టు బొండాన్ని నీవే ముట్టుకోకూడదని చెప్పవలసి రావడం ఎంత బాధాకరమో ఆ అమ్మాయికి తెలుసు. ఆ మాట చెప్పే ముందు ఆమె మంచం పక్కన కూర్చుని, తోట గురించి ఆయన చెప్పేదంతా వింటుంది.

సూది గుచ్చే పనిలోనూ అదే శ్రద్ధ కనిపిస్తుంది. ధమనిని, సిరను కలిపి చేతిలో అమర్చిన ఫిస్టులాపై వేళ్లు ఆనించి రక్తం పారే అదురును పరీక్షించిన తరువాతే రెండు సూదులు ఎక్కిస్తారు. ఒకసారి మా మేనమామకు పిక్క పట్టేసి కేక వేసినప్పుడు, టెక్నీషియన్ కుర్రవాడు పరుగున వచ్చి, ఆయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, వేళ్లను పైకి వంచి, నొప్పి తగ్గేవరకు వదలలేదు. తోడు లేకుండా వచ్చిన ముసలమ్మకు పక్క మంచం రోగి భార్య తన ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు తినిపించడం ఇక్కడ మామూలే.

ఆరోగ్యం కోసం అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకునే ఆచారం మా ఇంట్లో ఉంది, నేటికీ ఆదివారం నాడు వెళ్తూనే ఉన్నాం. ఆ గుడిలో చేతులు జోడించినప్పుడు మనసుకు కలిగే వినయమే, ఆ కుర్రవాడు పరాయి వృద్ధుని పాదాన్ని ఒడిలో పెట్టుకున్నప్పుడు కూడా నాకు కలిగింది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండపై స్తూపాలు, విహారాలు నిర్మించుకున్న బౌద్ధులకు తెలిసిన ఒక వృత్తాంతం ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును, తోటివారెవరూ పట్టించుకోకపోవడం చూసి, బుద్ధుడు ఆనందుని సాయంతో స్వయంగా కడిగి పడుకోబెట్టాడు. తరువాత భిక్షువులను పిలిచి, తనకు సేవ చేయగోరేవారు రోగికి సేవ చేయాలని చెప్పాడు. జీతానికి చేసే పనిలో ఆధ్యాత్మికత ఏముందని నన్ను కొందరు అడిగారు. జీతం సూదికీ, యంత్రానికీ సంబంధించినది. ఆ తోట కబుర్లు వినడం, ఆ పాదాన్ని వదలకుండా పట్టుకోవడం ఏ ఉద్యోగ నిబంధనలోనూ ఉండవని నా నమ్మకం.

లోపాలు లేకపోలేదు. తోడువచ్చినవారు కూర్చోవడానికి తగినన్ని బెంచీలు లేవు, ఎండాకాలంలో వరండాలో నిలబడడం వృద్ధులకు కష్టం. మూత్రపిండాల నిపుణుని సలహా కావాలంటే తరచు ఎదురుచూడవలసి వస్తోంది. ఇంత ఓర్పుతో పనిచేస్తున్న సిబ్బందికి సైతం విశ్రాంతి గది ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

కొత్తగా వెళ్లేవారు ఒక దుప్పటి తీసుకువెళ్లాలి, రక్తం యంత్రంలో తిరుగుతున్నప్పుడు చలి పుడుతుంది. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వకూడదు. సాయంత్రం విడతలో పేరు వచ్చినట్లయితే, ముగిసేసరికి మా ఊళ్లకు బస్సులు ఉండవు కనుక, తిరుగు ప్రయాణానికి ఆటోను ముందే మాట్లాడి పెట్టుకోవాలి.