రెండు చెవుల బ్యాలెన్స్ పోతే: వ్యాయామమా, బెల్టా, ఇంప్లాంటా?

తలంటుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, గోడ పట్టుకోవాలి. వీధిలో నడుస్తుంటే షాపు బోర్డు మీది అక్షరాలు అడుగడుగుకీ ఎగురుతాయి, ఆగితేగానీ చదవలేం. జెంటామైసిన్ లాంటి మందుల వల్ల రెండు లోపలి చెవుల్లోనూ తల కదలికను పసిగట్టి బ్యాలెన్స్ కాపాడే రోమకణాలు పోయినవాళ్ళ బతుకు ఇది. పైకి మామూలుగానే కనిపిస్తారు కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా నమ్మరు. అదే అన్నిటికన్నా బాధ.

మొదట వ్యాయామాలే. చెయ్యి చాచి, బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తలను అటూ ఇటూ తిప్పాలి. ఒక చెవే దెబ్బతింటే మెదడు రెండో చెవి సాయంతో చాలావరకు సర్దుకుంటుంది. రెండూ పోతే కళ్ళు, పాదాల స్పర్శే దిక్కు. చీకట్లో, ఇసుకలో అవీ చాలవు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ బృందం పరీక్షించిన నడుం బెల్టు ఒంటి వాలును బట్టి వైబ్రేట్ అవుతుంది. ఆపరేషన్ లేదు, నడకకు ధైర్యమిస్తుంది. అక్షరాల ఎగురుడును మాత్రం ఆపలేదు. తల కదిలిన 10 మిల్లీసెకన్లలోపే కంటిని సర్దే పని చెవిది, చర్మం అందుకోలేదు.

ఆ పనిని తిరిగి తేవాలని చూసేది ఇంప్లాంట్. తల మీది సెన్సర్ కదలికను పసిగడితే, లోపలి చెవిలో తల తిరగడాన్ని పసిగట్టే మూడు అర్ధవర్తుల కుల్యల దగ్గరున్న ఎలక్ట్రోడ్లు బ్యాలెన్స్ నరానికి పల్స్‌లుగా కరెంటు అందిస్తాయి. తల కదలకపోయినా పల్స్‌లు ఆగవు. ఇంప్లాంట్ ఉన్న వైపు తిరిగితే పెరుగుతాయి, అవతలి వైపు తిరిగితే తగ్గుతాయి. 2021లో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు 8 మంది ఫలితాలు ప్రచురించారు. నిలకడ, నడక మెరుగయ్యాయి. కానీ ఆపరేషన్ చేసిన చెవిలో ఐదుగురికి వినికిడి కొంత తగ్గితే, ముగ్గురికి 74 నుంచి 104 డెసిబెల్స్ దాకా పడిపోయింది.

నా లెక్కలో తేల్చేది ఈ వినికిడే. జెనీవా, మాస్ట్రిక్ట్ డాక్టర్లు అప్పటికే వినపడని చెవుల్లో, వినికిడి కోసం పెట్టే కాక్లియర్ ఇంప్లాంటుతో కలిపి ఈ ఎలక్ట్రోడ్లు పెట్టారు. అలాంటి చెవి ఉండి, నరం బతికే ఉంటే ఇంప్లాంటే మేలంటాను. బాగా వినపడే చెవైతే నెలల తరబడి వ్యాయామం, ఆపైన బెల్టు చూశాకే ఆ మాట ఎత్తాలి. పైగా ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఆరోగ్యశ్రీలో పిల్లలకు పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ వేరు, ఇది వేరు. డాక్టరు దగ్గరికెళ్తే ముందు రెండే అడగండి: నా నరం పనిచేస్తోందా? ఏ చెవిలో ఎంత వినికిడి మిగిలింది?