స్టీరింగ్ వదులును పట్టుకోవడానికి ఏది మేలు: జాకీ మీది పరీక్షా, నేల మీది పరీక్షా?

పికప్‌లోనో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలోనో స్టీరింగ్ వదులైందని అనుమానం వచ్చినప్పుడు దాన్ని వెతకడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, చక్రాన్ని చేతులతో ఊపి చూడడం మొదటిది. చక్రాలను నేల మీదే ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, మరొకరు కిందికి వంగి ఒక్కొక్క కీలునూ గమనించడం రెండవది. ఎక్కువమందికి అలవాటైనది మొదటిదే. అయినా ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న వాహనాల్లో రెండవదానితోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

దానికి కారణం బరువు. టైరు నేలను పట్టుకుని ఉన్నప్పుడు దాన్ని తిప్పడానికి చాలా బలం కావాలి. పవర్ స్టీరింగ్ ఇచ్చే ఆ బలమంతా డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ కదలికను చక్రాల వైపు చేర్చే కడ్డీ), టై రాడ్ (చక్రాలను కలిసి తిప్పే కడ్డీ), ట్రాక్ బార్ అన్నింటి మీదా పడుతుంది కాబట్టి, చేతికి లొంగని అరుగుదల కూడా అప్పుడు కంటికి కనిపిస్తుంది. గాలిలో వేలాడుతున్న చక్రం దాదాపు ఏ ఎదురూ లేకుండా తిరిగిపోతుంది. ముఖ్యంగా, యాక్సిల్‌ను ఛాసీ కింద పక్కకు జరగకుండా పట్టి ఉంచే ట్రాక్ బార్ (పాన్‌హార్డ్ రాడ్ అన్నా ఇదే) విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. దాని బుష్ (చివరనుండే రబ్బరు తొడుగు) అరిగినా, బోల్టు రంధ్రం కోలగా సాగినా, స్టీరింగ్ తిప్పగానే బార్ చివర తన బ్రాకెట్‌లో పక్కకు జరుగుతుంది, ఆ తరువాతే చక్రాలు కదులుతాయి. జీప్ రాంగ్లర్ వంటి వాహనాల్లో ఒక మోస్తరు వేగంలో చిన్న గుంత తగలగానే ముందు భాగమంతా భయంకరంగా ఊగిపోవడానికి తరచూ కారణమయ్యేది ఈ బారే. దాన్ని జాకీ మీద ఊపి చూసి బాగానే ఉందని వదిలేయడం ప్రమాదకరం.

నేల మీది పరీక్షను పైనుంచి కిందికి చేయాలి. ముందు స్టీరింగ్ షాఫ్టు కీళ్లు, ఆపై స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును కడ్డీల కదలికగా మార్చే గేరు పెట్టె). బాక్స్‌లోకి వెళ్లే షాఫ్టు తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికి వచ్చి డ్రాగ్ లింక్‌ను కదిపే చేయి) కదలకపోతే వదులు బాక్స్ లోపలే ఉంది. బాక్స్ మొత్తం ఛాసీ మీద కదులుతుంటే బోల్టులు వదులయ్యాయి, లేదా అక్కడ ఛాసీ చీలింది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టిన తరువాతే కిందికి వెళ్లాలి. కదిలే కీళ్ల మధ్య వేళ్లు పెట్టకూడదు.

జాకీ పరీక్ష దండగ అని దీని అర్థం కాదు. బాల్ జాయింట్లు (చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన గుండ్రటి కీళ్లు), హబ్ బేరింగుల (చక్రం గిరగిరా తిరిగే బేరింగులు) విషయంలో అదే మేలు, ఎందుకంటే వాహనం బరువు ఆ భాగాలను అదిమిపెట్టి వాటి వదులును దాచేస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు వదులు తెలిస్తే, పక్కనున్నవారిని బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపాలి. వదులు పోతే తప్పు బేరింగ్‌ది. అలాగే ఉంటే బాల్ జాయింట్‌దో, కొన్ని వాహనాల్లో దాని బదులు ఉండే కింగ్‌పిన్‌దో. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్లను చూడాలి. స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చునే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో (ఒక్కో చక్రం విడిగా పైకీ కిందికీ కదిలే ఏర్పాటు) జాకీని ఛాసీ కింద కాక, ఆ ఆర్మ్ కిందే, జాయింట్‌కు దగ్గరగా పెట్టాలి. లేకపోతే స్ప్రింగ్ ఒత్తిడి వదులును బయటపడనివ్వదు.

నేటి టయోటా హైలక్స్, ఇసుజు డి మ్యాక్స్ వంటి పికప్‌లలో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ (బాక్స్ బదులు, పళ్లున్న అడ్డ కడ్డీ అయిన ర్యాక్ పక్కలకు జరిగి చక్రాలను తిప్పేది) ఉంటాయి. వీటిలో ట్రాక్ బార్ లేదు కాబట్టి జాకీ పరీక్షకే కొంత మొగ్గు ఉంది. ర్యాక్ చివరి రబ్బరు బూటును చేత్తో నొక్కి పట్టుకుని చక్రాన్ని పక్కలకు ఊపితే లోపలి టై రాడ్ జాయింట్ వదులు చేతికి తెలుస్తుంది. ర్యాక్‌ను పట్టి ఉంచే బుష్‌ల కోసం మాత్రం చక్రాలను నేల మీదికి దించక తప్పదు.

ఏ పరీక్షా చేయకుండా స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును తగ్గించే షాక్ అబ్జార్బర్ వంటి భాగం) మార్చడం మూడవ దారి. ఇది అన్నింటికంటే నాసి. కొత్త డ్యాంపర్ ఊపును కొంతకాలం అణిచిపెడుతుంది, ఈలోగా అరిగిన కీలు మరింత అరుగుతుంది. బాక్స్ పైనున్న సర్దుబాటు స్క్రూను బిగించడం కూడా ఇలాంటిదే: అతిగా బిగిస్తే మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, లోపలి పళ్లూ త్వరగా అరుగుతాయి.

స్టీరింగ్ బరువుగా ఉండి, మధ్యకు తిరిగి రాకపోతే అది వదులు సమస్య కాదు, ఈ రెండు పరీక్షలూ అక్కడ ఉపయోగపడవు. ముందు టైర్లలో గాలి, ఆపై ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే గేరు పెట్టె) లివర్ చూడాలి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌ను (అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునేది) పొడి తారు రోడ్డు మీద వేసి ఉంచితే ముందు, వెనుక యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి స్టీరింగ్ బిగుసుకుంటుంది. సాలిడ్ యాక్సిల్ వాహనాన్ని ఎత్తు పెంచినవారు క్యాస్టర్ కోణాన్ని (పక్కనుంచి చూస్తే, చక్రం అటూ ఇటూ తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) కొలిపించుకోవాలి; అది తగ్గితే కీళ్లన్నీ కొత్తవైనా వాహనం రోడ్డు మీద నిలకడగా పోదు.

ట్రాక్ బార్ మార్చినప్పుడు రబ్బరు బుష్ ఉన్న బోల్టును వాహనం జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడిన తరువాతే, కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించడం దాని తరువాతి పని.