జముకుల కథకి గెయిన్ ఎంత పెట్టాలి? పర్లాకిమిడి గదిలో స్కార్లెట్ 2ఐ2, రీపర్ 7

స్కార్లెట్ 2ఐ2 అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, రీపర్ అంటే రికార్డింగు సాఫ్ట్‌వేర్. గెయిన్ అంటే మైకు నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని ఎంత పెంచాలో పెట్టే కొలత. ఈ రెండూ మా రికార్డింగు గదిలో ఎలా పని చేశాయో చెప్తాను. మా గదికి ఎలాంటి పనులొస్తాయో ముందే చెప్పాలి. సిటీలో ఒక్కడే కూర్చుని ర్యాప్ పాడుకునే కుర్రాడికి సరిపోయే పెట్టె మాకు సరిపోకపోవచ్చు, మాకు సరిపోయింది అతనికి అక్కర్లేకపోవచ్చు. రథయాత్ర వస్తే, ఎన్నికలు వస్తే ఆటో మీద తిప్పే మైకు ప్రచారం చేస్తాం. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, కొండ ఊళ్ళకైతే సవర భాషలో ఇంకొకటి. భజన బృందాల పాటలు ఉంటాయి. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం దగ్గర పడితే పిల్లల ప్రసంగాలు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, ఆ వారం మా మైకుకి తీరికుండదు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన పని, డబ్బులు అన్నిటికంటే తక్కువొచ్చే పని, పాతపట్నం వైపు నుంచి మహేంద్రతనయ నది దాటి వచ్చే జముకుల కథ వాళ్ళ రికార్డింగు. కొత్త సామాను ఏది కొన్నా వాళ్ళ ముందు పెట్టి చూస్తే గానీ నేను మంచీ చెడ్డా చెప్పను.

ఎందుకంటే అంత కష్టమైన పరీక్ష ఇంకోటి లేదు. కథకుడు చెవిలో రహస్యం చెప్పినంత మెల్లగా మొదలెడతాడు. తల్లి బిడ్డని పోగొట్టుకున్న చోటుకి వచ్చేసరికి గోడలు అదిరేలా ఎత్తుకుంటాడు. వెనక వంతవాళ్ళు ఇద్దరూ ఒక్కసారిగా అందుకుంటారు. ఆ జముకు ఉందే, దాని చర్మం మధ్యలోంచి నరం ఒకటి లాగి కట్టి ఉంటుంది. నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటుతుంటే శ్రుతి పైకీ కిందికీ జారుతుంది. మీటిన క్షణంలో టక్కుమని తగులుతుంది, ఆ వెంటనే కింద నుంచి గుమ్మని మోత. మామూలు సౌండ్ కార్డుకి ఈ రెండూ ఒకేసారి మింగుడుపడవు. పైగా పెద్దాయన అదే ఘట్టాన్ని రెండోసారి అదే ఊపుతో చెప్పడు. "మళ్ళీ చెప్పు తాతా" అంటే చెప్తాడు, కానీ అది ఇంకో కథ.

క్యాసెట్టు కాలంలో పని నేర్చుకున్నవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, నాకూ ఉండేది. మీటరు ముల్లుని ఎర్ర గీత దాకా తోసేవాళ్ళం. టేపుకి సొంత ఉస్సు ఉంటుంది కాబట్టి గొంతు దాని మీద గట్టిగా కూర్చోవాలి. కాస్త ఎక్కువైనా టేపు మెత్తగానే ఓర్చుకుంటుంది. డిజిటల్‌లో ఆ ఓర్పు లేదు. సున్నా దాటితే అలల తలలు నరికేసినట్టు పోతాయి, తర్వాత సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ఏ ప్లగిన్‌తోనూ అతుక్కోవు. అందుకని 24 బిట్లలో రికార్డు చేసేటప్పుడు మీటరు మైనస్ 18 నుంచి మైనస్ 12 డెసిబెళ్ళ మధ్య ఆడేలా గెయిన్ పెడితే చాలు. పైన అంత ఖాళీ ఉన్నా నష్టం లేదు. ఊళ్ళో సౌండ్ సర్వీసు కుర్రాళ్ళకి ఇది చెప్తే నమ్మరు. "సౌండే రావట్లేదు మావా" అంటారు.

ఇక పెట్టె సంగతి. ఫోకస్‌రైట్ వాళ్ళ స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరం 2023లో వచ్చింది. రెండు మైకులు పడతాయి. మూడో తరంలో మైకు గెయిన్ 56 డెసిబెళ్ళు ఉండేది, ఇందులో 69 చేశారు. అంకెలు చూసి కొనడం నా పద్ధతి కాదు గానీ ఈ ఒక్క అంకె పనికొచ్చే అంకె. నా దగ్గరున్నది ష్యూర్ ఎస్ఎమ్58, 1966 నుంచి వస్తున్న డైనమిక్ మైకు. రోడ్డు పక్క గదిలో చిన్న చప్పుడు కూడా పట్టేసే కండెన్సర్ మైకు పెడితే బయట బస్సు హారన్ కూడా కథలో పాత్ర అయిపోతుంది కాబట్టి నాకు ఇదే సరి. కానీ డైనమిక్ మైకుకి గెయిన్ ఆకలి ఎక్కువ. కథకుడు మెల్లగా చెప్పే చోట పాత పెట్టెలో గెయిన్ చివరిదాకా తిప్పాల్సొచ్చేది, అక్కడ సన్నగా సుయ్యిమని మోత వినపడేది. ఇందులో అంత మెల్లని గొంతుకి కూడా తిప్పడానికి ఇంకా చోటు మిగులుతోంది.

ఆటో గెయిన్ అని ఒక బొత్తాం ఉంది. నొక్కితే 10 సెకన్లు విని గెయిన్ తనే పెట్టేస్తుంది. ప్రచారం చదివే కుర్రాడికి, బడి పిల్లకి ఇది భేషుగ్గా పని చేస్తుంది. నేను టీ తాగుతుండగా మా మేనల్లుడు నొక్కేస్తున్నాడు. కథ దగ్గరే చిక్కు. పెద్దాయన్ని పది సెకన్లు ఏదైనా పలకమంటే ఏం పలుకుతాడు?

"ఏటి బాబూ, ఈ డబ్బాలోకి నా గొంతు ఎల్తాదా?"

"ఎల్తాది తాతా, కాస్త గట్టిగా చెప్పు."

"గట్టిగా అంటే ఏటి సెప్పాల?"

పది సెకన్లూ ఈ మాటల్లోనే అయిపోతాయి. పెట్టె ఆ మాటల ఎత్తుని చూసి గెయిన్ పెడుతుంది. నిజం కథ మొదలయ్యాక ఆయన గొంతు దానికి ఎన్నో రెట్లు లేస్తుంది. కాబట్టి నా సలహా: ఆటో నొక్కే ముందే వంతవాళ్ళతో కలిసి అన్నిటికంటే గట్టిగా పాడే చరణాన్ని పాడించండి, అది అందుకున్నాక నొక్కండి. అప్పుడు కూడా పెట్టె పెట్టినదాని కంటే నేను ఇంకొంచెం తగ్గించే పెడతాను.

అసలు డబ్బులు పెట్టింది ఇందులోని క్లిప్ సేఫ్ అనే వసతికి. సెకనుకి 96,000 సార్ల దాకా లెవెల్ చూసుకుంటూ, గొంతు పగిలిపోబోతుందని అనిపిస్తే గెయిన్‌ని తనే దించుతుంది. శోకం ఘట్టంలో ఒక్క కేక కూడా విరగలేదు. ఇది చిన్న విషయం కాదు, ఇలాంటి కథల్లో విరిగిన కేక అంటే పోయిన కథే. అయితే దించిన గెయిన్ దించినట్టే ఉంటుంది. కేక అయిపోయాక పాత మట్టానికి తిరిగి ఎక్కదు. దాంతో రికార్డింగులో ఆ చోటు నుంచి మిగిలిందంతా ఒక మెట్టు కిందికి దిగినట్టు వినిపిస్తుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ చోట కోసి, మిగతా ముక్కని పైకి లేపి సరిచెయ్యాలి. విరిగినదాన్ని అతకలేం, తగ్గినదాన్ని పెంచగలం, అందుకే ఈ బేరం నాకు ఇష్టమే. డప్పులు, తుడుములు మాత్రం క్లిప్ సేఫ్‌కి అప్పజెప్పను. అక్కడ మొదటి దెబ్బే అన్నిటికంటే పెద్దది, కాబట్టి వాయించేవాడి చేత బలంగా కొట్టించి చేత్తోనే పెడతాను.

ఎయిర్ అనే బొత్తాం గురించి అమ్మేవాళ్ళు తెగ చెప్తారు. గొంతు పై స్వరాలని కాస్త తేటపరుస్తుంది, ఇంకోసారి నొక్కితే కొంచెం ఘాటు కూడా కలుపుతుంది. ఆటో మీది హారన్ స్పీకర్లో వినపడాల్సిన ప్రచారానికి చాలా బాగుంది. సంతలో జనం మధ్య కూడా మాట మాటగా తెలుస్తుంది. సన్నాయికి మాత్రం నొక్కకండి, చెవులు చిల్లులు పడతాయి.

దీని కట్టుబడిలో నాకు నచ్చనిది ఒకటుంది. హెడ్‌ఫోన్ సాకెట్టు ఒక్కటే ఇచ్చారు. ఇద్దరు కలిసి పాడే పనికి ఇది సరిపోదు, విడిగా హెడ్‌ఫోన్ యాంప్ ఒకటి తగిలించాలి. మైకు సాకెట్లు వెనక్కి మార్చారు. టేబుల్ మీద వైర్లు కనపడకుండా అందంగా ఉంటుందని కాబోలు. రోజుకి పదిమంది వచ్చిపోయే గదిలో వెనక చెయ్యి పెట్టి వెతుక్కోవడం విసుగు.

పాడేవాళ్ళ చెవిలో సొంత గొంతు ఆలస్యంగా పడితే తాళం తప్పుతుంది. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్ళు, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు పడుతుంది, వెళ్ళి వచ్చేసరికి దానికి రెట్టింపు పైన. పాత ల్యాప్‌టాప్ ఆ వేగానికి తట్టుకోక చిటపటలాడితే కుస్తీ పట్టకండి. పెట్టె మీది డైరెక్ట్ బొత్తాం నొక్కండి, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండా నేరుగా చెవిలోకి వస్తుంది. బఫర్ 512కి పెంచేసుకోవచ్చు.

కరెంటు గురించి ఏ సమీక్షలోనూ రాయరు గానీ మా వైపు సగం గొడవ అక్కడే. ఎర్త్ సరిగ్గా లేని పాత ఇళ్ళు, చౌకరకం ఇన్వర్టర్లు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే రికార్డింగులో జుయ్యిమని మోత మొదలవుతుంది. ఈ పెట్టె యూఎస్‌బీ మీదే నడుస్తుంది, పోర్టు చాలినంత పవర్ ఇస్తే వేరే అడాప్టర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే కరెంటు గోడతో దానికి లంకే ఉండదు, మోతా ఉండదు. కథ రికార్డింగులన్నీ నేను బ్యాటరీ మీదే చేస్తాను. బ్యాటరీ బాగోలేని ల్యాప్‌టాప్ ఉంటే ముందు కొత్త బ్యాటరీ వేయించండి, మైకు తర్వాత.

సాఫ్ట్‌వేర్ రీపర్. ఎమ్‌పీత్రీ సీడీలు కాల్చి అమ్మిన రోజుల్లో మా షాపు కంప్యూటర్‌లో ఎప్పుడూ తెరిచి ఉండే విన్‌యాంప్ గుర్తుందా? అది రాసిన జస్టిన్ ఫ్రాంకెలే 2005లో రీపర్ కూడా తెచ్చాడు. ఆ చేతివాటం ఇందులోనూ తెలుస్తుంది. ఫైలు చిన్నది, మొబైల్ నెట్‌తో కూడా ఇట్టే దిగుతుంది, పాత మిషన్ మీద బరువు లేకుండా నడుస్తుంది. 60 రోజులు అన్నీ తెరిచి వాడుకోవచ్చు. తర్వాత కూడా తాళం పడదు, తెరిచినప్పుడల్లా కొనమని అడుగుతుంది. దాని మీద సంపాదన ఏడాదికి 20,000 డాలర్లు దాటని చిన్నవాళ్ళకి లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బుల్లో ఐదు వేల పైమాట. మా బజారులో ఆ గీత దాటే స్టూడియో ఏదీ లేదు. ఏడో వెర్షన్‌తో కొంటే ఎనిమిదో వెర్షన్ ముగిసేదాకా అదే చెల్లుతుంది. కొనండి. క్రాక్ చేసిన దొంగ సాఫ్ట్‌వేర్ వేసుకుని, దానితో వచ్చిన వైరస్ పోగొట్టడానికి మెకానిక్కి ఇచ్చే డబ్బుల కంటే ఇది చౌక.

2023 అక్టోబర్‌లో వచ్చిన ఏడో వెర్షన్‌లో ఒకే ట్రాక్‌లో వరసలుగా టేకులు పేర్చి, మంచి ముక్క మీద మౌస్ లాగితే అదే పాటలోకి చేరిపోయే వసతి పెట్టారు. భజనలకి, ప్రచారాలకి ప్రాణం లేచొచ్చింది. హార్మోనియం, తాళాలు ముందే రికార్డు చేసి వాటి మీద పాడించుకుంటాం కాబట్టి టేకులన్నీ ఒకే చోట పడతాయి. కథకి ఇది పనికిరాదు. కథకుడికి లయ కొట్టే మెట్రోనోమ్ ఉండదు, ఒక టేకులో ఒక శ్వాస ఎక్కువ, ఇంకో టేకులో ఒక సామెత ఎక్కువ. వరసలు పేర్చినా ఒకదాని కింద ఒకటి కుదరవు. వంత ముగిసి కథకుడు ఊపిరి తీసుకునే చోట చేత్తో కోసుకోవడమే.

లోపలే వచ్చే రియాఫిర్ అనే ప్లగిన్ గురించి తప్పక చెప్పాలి. రికార్డింగు మొదట్లో ఎవ్వరూ మాట్లాడకుండా కాసేపు ఉంచండి. ఆ నిశ్శబ్దాన్ని దానికి వినిపించి సబ్‌ట్రాక్ట్ పెడితే ఫ్యాను మోత, ఫ్రిజ్జు మోత తగ్గిపోతాయి. ఏప్రిల్‌లో ఫ్యాను ఆపి పెద్దాయన్ని కూర్చోబెట్టలేం కదా. మరీ ఎక్కువ పెడితే మాత్రం గొంతు బావిలోంచి వచ్చినట్టు అవుతుంది. ఆన్‌లైన్‌లో ఏఐతో శబ్దం శుభ్రం చేస్తామనే సర్వీసు ఒకదానికి కూడా కథ పంపి చూశాను. గొంతుని అద్దంలా చేసి ఇచ్చింది, జముకు మొత్తాన్ని మోత అనుకుని తుడిచిపారేసింది. అక్కడితో దానికో దణ్ణం.

రీపర్ చూడ్డానికి అందంగా ఉండదు, అన్నీ బూడిద రంగు మెనూలే. మా మేనల్లుడు దాని మొహం చూడడు. డీజే పాటలు చేసేవాడికి ఎఫ్ఎల్ స్టూడియోనే, ఒకసారి కొంటే అప్‌డేట్‌లు జీవితాంతం ఉచితం. 21.2 వెర్షన్ నుంచి పాటలోంచి గొంతునీ వాయిద్యాలనీ విడదీసే వసతి కూడా అందులోనే ఇచ్చారు. ఊరేగింపుల సీజన్‌లో వాడి పని నా పని కంటే ఎక్కువ సంపాదిస్తుంది, అందుకని నేనేం అనను.

కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఇదే తరంలో సోలో అనే తమ్ముడు ఉంది, ధర తక్కువని చూసి దాన్ని తెప్పించుకోకండి. అందులో క్లిప్ సేఫ్ లేదు, ఆటో గెయినూ లేదు, గెయిన్ కూడా 57 డెసిబెళ్ళే, మైకు సాకెట్టు ఒక్కటే. ఒక్కరే కూర్చుని గిటార్ పట్టుకుని పాడుకునేవాళ్ళకి చాలు. కథలు, భజనలు చేసేవాళ్ళు 2ఐ2కే వెళ్ళండి. గదిలో కాకుండా ఊళ్ళోకి వెళ్ళి, గుడి ముందు జాతరలో రికార్డు చేసేవాళ్ళకైతే ఈ పెట్టె కూడా వద్దంటాను. 2024లో వచ్చిన జూమ్ హెచ్4 ఎసెన్షియల్ లాంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు ఉన్నాయి. వాటికి గెయిన్ తిప్పే పనే లేదు, పెద్ద కేక అయినా చిన్న మాట అయినా ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో సరి చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ మోసుకెళ్ళక్కర్లేదు, బ్యాటరీలు జేబులో వేసుకుంటే చాలు. వచ్చే జాతరకి నేను కొనబోయేది అదే.