చెరకు తోట పక్క బావికి అట్రాజిన్ పట్టీ: వాడి చూసి రాస్తున్నాను

వైజాగ్ మహారాణిపేటలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మలేరియా కార్డులు, ప్రెగ్నెన్సీ పట్టీలు రోజూ నా చేతుల్లో ఉండేవే. నీళ్ళలో అట్రాజిన్ అనే కలుపుమందు ఉందో లేదో చూపించే పట్టీల డబ్బా ఆన్‌లైన్‌లో కనబడగానే తెప్పించాను. మా పుట్టిల్లు చోడవరం వైపు. ఇంటి బావికి ఆనుకునే తమ్ముడి చెరకు తోట. ముచ్చెలు (నాటే చెరకు ముక్కలు) నాటిన మూడో రోజో నాలుగో రోజో ఎకరాకి 2 కిలోల లెక్కన అట్రాజిన్ పొడిమందు కొడతాడు. కలుపు మొలవకుండా ఆపే మందు కదా, తిన్నగా నేల మీదే పడుతుంది. తొందరగా విచ్ఛిన్నం కాదు, వాన పడితే నీళ్ళతో పాటు కిందికి దిగుతుంది. ఆ బావి నీళ్ళే అమ్మ తాగుతుంది.

ముందుగా ఒక ముఖ్యమైన సంగతి. ఈ పట్టీని చదివే తీరు ప్రెగ్నెన్సీ పట్టీకి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అట్రాజిన్ చాలా చిన్న అణువు, ప్రెగ్నెన్సీ పట్టీలో లాగా రెండు యాంటీబాడీలు (ఒక పదార్థాన్నే గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీన్లు) ఒకేసారి దాన్ని పట్టుకోలేవు. అందుకని పట్టీ మీద ముందే అట్రాజిన్‌లాంటి పదార్థాన్ని గీతగా అంటిస్తారు. నీళ్ళలో మందు లేకపోతే రంగు యాంటీబాడీలు వచ్చి ఆ గీతకి అతుక్కుంటాయి, గీత ముదురుగా కనిపిస్తుంది. మందు ఉంటే యాంటీబాడీలు దారిలోనే నిండిపోతాయి, గీత పాలిపోతుంది. పక్కనే ఇంకొకటి, కంట్రోల్ గీత, ఉంటుంది; పట్టీ సరిగా పని చేస్తే అది ఎప్పుడూ వస్తుంది. తమ్ముడు నా భుజం మీంచి చూస్తూ, "ఏటక్కా, రెండు గీతలొచ్చీసాయి, మందున్నట్టేనా?" అని కంగారుపడ్డాడు. చదువుకున్నవాళ్ళూ అలాగే అనుకుంటారు. డబ్బాలో పెట్టిన కాగితంలో ఈ ముక్క చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, చివరి పేజీలో ఉంది. ఇంత ముఖ్యమైన మాట పట్టీ కవరు మీదే, పెద్దగా, తెలుగులో ఉండాలి. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

బావి నీళ్ళకి ముందు పట్టీనే పరీక్షించాను. 50 శాతం పొడిమందు 0.1 గ్రాము తూచి 10 లీటర్ల నీళ్ళలో బాగా కలిపాను. అందులోంచి పిపెట్‌తో ఒక మిల్లీలీటరు తీసి లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి చేరిస్తే లీటరుకి 5 మైక్రోగ్రాముల నీళ్ళు తయారయ్యాయి. ఆ నీళ్ళకి గీత దాదాపు మాయమైంది. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌కి ముదురుగా వచ్చింది. అంతవరకు పట్టీ నిజాయితీగానే పని చేసింది. ఇంకా పల్చన చేసి 2 మైక్రోగ్రాములకి తెచ్చాక మాత్రం గీత స్పష్టంగా కనిపించింది, అంటే 'మందు లేదు' అన్నట్టు. డబ్బా మీద రాసిన హద్దు 3 మైక్రోగ్రాములు, అది అమెరికా తాగునీటి పరిమితి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో అట్రాజిన్‌కి పరిమితి 2. యూరప్‌లో ఏ ఒక్క పురుగుమందైనా, కలుపుమందైనా తాగునీళ్ళలో 0.1 దాటకూడదు. మన పరిమితి దాటిన నీళ్ళకి కూడా ఈ పట్టీ మంచి గీత చూపించొచ్చన్నమాట. ఇండియాలో అమ్మేటప్పుడు ఈ విషయం దాచకుండా చెప్పాలి.

తొలకరి తర్వాత బావి నీళ్ళు పెడితే గీత వచ్చింది గానీ, పక్కనున్న కంట్రోల్ గీత కన్నా పల్చగా ఉంది. మళ్ళీ పెట్టినా అదే తీరు. మందు ఎంతుందో పట్టీ చెప్పదు, కానీ నాకా అనుమానం చాలు. అమ్మకి తాగునీళ్ళు ఊరి చివర బోరు నుంచి తెప్పిస్తున్నాం, బావి నీళ్ళు ఎల్‌సీ-ఎంఎస్ (మందు ఎంతుందో కచ్చితంగా కొలిచే యంత్రం) ఉన్న ప్రైవేటు ల్యాబ్‌కి పంపిస్తున్నాను. పట్టీ నుంచి నేను ఆశించింది ఆ దారి చూపించడమే. ఆ మేరకు డబ్బులు దండగ కాలేదు, ఒక్కో పట్టీ ఖరీదు తక్కువేమీ కాకపోయినా.

ఇది అట్రాజిన్‌నీ, దాని దగ్గర చుట్టాలైన సిమజిన్, ప్రొపజిన్‌లాంటి వాటినీ తప్ప ఇంకే మందునీ చూడదు. 2,4-డి, వరిలో వేసే బ్యూటాక్లోర్, గట్ల మీద కొట్టే గ్లైఫోసేట్, ఇవేవీ దానికి కనపడవు. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022లో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. అయినా దాన్ని పట్టే చవకైన పట్టీ నేను కొనే చోట్ల దొరకలేదు. అది మరీ చిన్న అణువు, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, యాంటీబాడీ తయారుచేయడం కష్టం. రాగి అయాన్లతో అది గట్టిగా కలుస్తుంది కాబట్టి ఆ గుణం మీద ఎలక్ట్రోడ్ సెన్సర్లు కడుతున్నారు. ఆకులో కిరణజన్య సంయోగక్రియని ఆపే అట్రాజిన్‌లాంటి మందులకైతే శైవలాలనే (నాచులాంటివి) సెన్సరుగా వాడుతున్నారు. మందు తగలగానే వాటి పత్రహరితం మెరుపు పెరుగుతుంది. ఈ పనులు పరిశోధనశాల దాటి పొలం గట్టు మీదికి ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నాను.

ఎంవీపీ కాలనీ రైతుబజారు కూరగాయలకి 'అన్ని మందులూ పట్టేస్తుంది' అని రంగు మారే కార్డులు కొంటున్నవాళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను. అవి ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ మీద పని చేస్తాయి. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగుమందులు ఆ ఎంజైమ్‌ని ఆపుతాయి కాబట్టి పట్టుబడతాయి. అట్రాజిన్, గ్లైఫోసేట్‌లకి ఆ కార్డు గుడ్డిది.

మన ఊరి ఎండకి, ఉక్కకి ఇంకో జాగ్రత్త. డబ్బా మీద 30 డిగ్రీలు దాటకూడదని ఉంది, మే నెలలో వైజాగ్ ఇళ్ళలో అది కుదరదు. ఫ్రిజ్‌లో పెట్టి, వాడే ముందు బయట పెట్టి చల్లదనం పోయాకే కవరు చింపండి, లేకపోతే పట్టీకి చెమ్మ పట్టేస్తుంది. బురద నీళ్ళు తేరుకున్నాక పైనీళ్ళే తీసుకోండి.

ఐదుకి మూడిస్తాను. చెరకు, మొక్కజొన్న పొలాల పక్క బావి ఉన్నవాళ్ళు కొనొచ్చు. గీత పల్చబడితే ఆ నీళ్ళు తాగడం ఆపి ల్యాబ్‌కి పంపండి. ముదురుగా వచ్చినా, తోటకి మందు కొట్టాక పడే మొదటి పెద్ద వాన తర్వాత ఇంకోసారి చూడండి.