ఊహా రైల్వే సెకండ్ క్లాస్ పెట్టెలు: పైన ముస్తాబు, అడుగున మరమ్మతు

1:76 కొలతలో, 16.5 మిల్లీమీటర్ల ట్రాక్ మీద నడిచే నాలుగు చక్రాల మోడల్ పెట్టెలివి. నిజంగా ఉన్న ఏ రైల్వే రంగులూ కావు. ఇంగ్లండులో ఎక్కడో ఉందనుకున్న ఓ బ్రాంచి లైను కోసం, విక్టోరియా రాణి కాలపు వాలకంతో చేశారు. చెన్నై ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నడిపాక మా మాట ఇది: పైభాగం చూసి కొనండి, అడుగుభాగాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకండి.

తలుపు మీద 2 అంకె చూసి మన సెకండ్ క్లాస్ అనుకోవద్దు. మన దగ్గర 1974లో థర్డ్ క్లాసునే సెకండ్ చేశారు. ఈ పెట్టెల కాలపు ఇంగ్లండులో సెకండ్ అంటే ఫస్టుకీ థర్డుకీ నడిమి తరగతి. అక్కడి మిడ్లండ్ రైల్వే కంపెనీ 1875 జనవరి 1న దాన్ని ఎత్తేసింది. మీ లైను కథ ఆ తర్వాతి కాలానిదైతే అంకె చెరిపి 3 వేసుకోవచ్చు. లోపలి సీట్లన్నీ ముదురు గోధుమరంగు ప్లాస్టిక్కే. పాతకాలపు సెకండ్ అంటే చాలాచోట్ల ఉత్త చెక్క బల్లలే కాబట్టి లేత చెక్కరంగు పూస్తే కిటికీలోంచి బాగా కనిపిస్తుంది.

అసలు గొడవ చక్రాలతో. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది బాగా తగ్గితే పాయింట్ల (ట్రాక్ రెండుగా చీలే చోట్ల) దగ్గర చక్రాలు, దారి తప్పకుండా పట్టా పక్కన వేసే చెక్ రెయిల్ మీదికి ఎక్కేస్తాయి, పెరిగితే ఫ్లాంజ్ (చక్రం లోపలివైపు పొడుచుకొచ్చే అంచు) వెళ్లి, రెండు పట్టాలు కలిసే క్రాసింగ్ ముక్కుకు కొడుతుంది. వెర్నియర్‌తో ప్రతి జతా కొలవండి. ప్లాస్టిక్ చక్రాలు మురికిని పట్టి ట్రాకంతా పులుముతాయి, లోహపు చక్రాలు వేసేయడమే మేలు. అప్పుడు ఇరుసు పొడవూ చూసుకోవాలి. పొట్టిదైతే పెట్టె ఒరుగుతుంది, పొడుగైతే బిగుసుకుంటుంది. మీటరు చెక్క మీద ట్రాక్ బిగించి, ఒక కొస 2 సెంటీమీటర్లు ఎత్తండి. పెట్టె తనంతట తాను జారితే సరే.

నాలుగు చక్రాలూ బిగువు చట్రం మీదే ఉన్నాయి, అందుకే చట్రం కాస్త మెలితిరిగినా ఒక చక్రం గాల్లోనే. అద్దం పలక మీద నిలబెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కితే తెలిసిపోతుంది. ఊగుతుంటే అడుగు స్క్రూలు వదులుచేసి, అద్దం మీదే ఉంచి మళ్లీ బిగించండి. సగం పెట్టెలు దీంతోనే దారికొస్తాయి.

బరువు చాలదు. ఇరుసుకు 25 గ్రాముల లెక్కన పెట్టెకు 50 గ్రాములు చాలు. ఇంకా పెంచితే చిన్న ఇంజను అయిదు పెట్టెలతో ఎత్తు ఎక్కలేక చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటుంది. వలల సామాను కొట్లలో దొరికే సీసం గుండ్లు పనికొస్తాయి. ఇనుప నట్లు ఈ ఊళ్లో తుప్పు పడతాయి, వద్దు. సీసాన్ని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో మాత్రం అంటించకండి: మూసిన చోట రసాయన చర్య జరిగి సీసం పొంగుతుంది, కొన్నేళ్లకు పెట్టె పగులుతుంది. అరాల్డైట్ వాడండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మరవద్దు.

కప్లింగులు (పెట్టెలను కలిపే కొక్కేలు) పర్లేదు, కాకపోతే పెట్టెల మధ్య ఎడం ఎక్కువ.

కిటికీ ప్లాస్టిక్ ఊడితే ఫెవిక్విక్ జోలికి పోవద్దు. దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. నీళ్లలో కరిగే పారదర్శక జిగురు పుల్లతో అద్దితే చాలు. పైకప్పు తీసేటప్పుడు గోటితో ఒక్క మూలనే లాగకండి, లోపలి క్లిప్పు విరుగుతుంది. రెండు వైపులా గోడలను కొద్దిగా బయటికి నొక్కితే అదే లేస్తుంది. చక్రాలు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టె గోడకు తగిలిందా, ముందుగా పోయేది ఆ 2 అంకే. గుడ్డకు పూసి, చక్రాన్నే దానిమీద తిప్పండి.