బీథోవెన్ ఐదో సింఫనీ: క్లైబరా, ఫుర్ట్‌వెంగ్లరా, గార్డినరా?

బీథోవెన్ ఐదో సింఫనీ ఏ కండక్టర్ రికార్డింగ్‌లో వినాలి అని అడిగి చూడండి, ముందు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా, 1974. ఆ మాట పూర్తికాకముందే ఇంకొకరు లేచి, దానికి లేనిపోని పేరొచ్చింది, ఫుర్ట్‌వెంగ్లర్ వినకుండా ఐదోది విన్నానని చెప్పుకోకండి అంటారు. మూడో మనిషి వచ్చి, మీరిద్దరూ చెప్పేది బీథోవెన్ చెవిలో ఉన్న శబ్దమే కాదు, పాతకాలపు వాద్యాలతో చేసిన గార్డినర్ వినండి అంటాడు. అడిగినవాడు ఈలోపు ఏదీ వినకుండానే వెళ్ళిపోయి ఉంటాడు. నేను ఆ మూడింటినీ దగ్గర పెట్టుకుని, స్కోర్ (సింఫనీ స్వరాలు రాసిన పుస్తకం) తెరిచి, ఒక్కో చోటే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, తగాదా మొత్తం సింఫనీ మీద కాదు, అందులో రెండు మూడు చోట్ల మీదే.

ముందు నిమిషాల లెక్క సంగతి తేల్చేస్తాను, దీని మీద బోలెడు తప్పుడు మాటలు నడుస్తుంటాయి కాబట్టి. క్లైబర్ చివరి మూవ్‌మెంట్ (సింఫనీలోని నాలుగు భాగాల్లో ఆఖరిది, ఫినాలే అంటారు) దాదాపు 11 నిమిషాలు, ఫుర్ట్‌వెంగ్లర్ 1947 నాటిది దాదాపు 8. ఇది చూసి క్లైబర్ ఫినాలే నింపాదిగా ఉంటుందని తేల్చేసేవాళ్ళున్నారు. నిజానికి క్లైబర్ అక్కడ మొదటి భాగాన్ని బీథోవెన్ రాసినట్టే రెండోసారి వాయించాడు, ఫుర్ట్‌వెంగ్లర్ ఆ రిపీట్ వదిలేశాడు. తేడాలో ఎక్కువ భాగం అదే. సీడీ డబ్బా వెనక అంకెలు చదివి అభిప్రాయం రాసేవాళ్ళు ఒక్కసారి విని రాస్తే సగం గొడవ తగ్గుతుంది.

ఇంకో మాట. ఉత్త ఫుర్ట్‌వెంగ్లర్ అంటే సరిపోదు, ఏ ఏడాదిదో చెప్పాలి. ఆయన ఐదోది 1937లో ఉంది, యుద్ధకాలంలో 1943లో ఉంది, 1947లో ఉంది, చనిపోయిన ఏడాది 1954లో వియన్నాలో స్టూడియోలో చేసిందీ ఉంది. ఎవరో గొప్పగా చెప్తే నేను వెతుక్కుని ముందు విన్నది ఈ చివరిది. బరువుగా, నెమ్మదిగా, అడుగు తీసి అడుగు వేస్తున్నట్టుంది. దీనికా ఇంత హడావిడి అనుకుని చాలాకాలం ఆయన జోలికే పోలేదు. జనం పొగిడేది 1947 మే నెల బెర్లిన్ కచేరీని. యుద్ధం ముగిశాక, నాజీ కాలంలో ఆయన పాత్ర మీద విచారణ పూర్తయ్యాక, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ముందు ఆయన మళ్ళీ నిలబడిన మొదటి కచేరీలవి. ఈ చరిత్ర తెలిశాక వినేవాడి చెవి మారిపోతుంది, నాదీ మారింది, కాదని అబద్ధం చెప్పను. అందుకే తేదీని మరిచిపోయి, స్కోర్‌లో ఉన్న స్వరాల వరకే చూద్దామని ప్రయత్నించాను.

మొదలు చూడండి. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలకు ముందు స్కోర్‌లో ఒక చిన్న విరామం ఉంది, అంటే ఆర్కెస్ట్రా మొత్తం నిశ్శబ్దం మీద నుంచి ఎగిరి దూకాలి. క్లైబర్ దగ్గర ఆ దూకడం కొరడా తగిలినట్టుంటుంది, సరిగ్గా సర్దుకుని కూర్చునే వ్యవధి కూడా ఇవ్వడు. నాలుగో స్వరాన్ని అవసరమైనంతే నిలబెట్టి వెంటనే పరుగు మొదలుపెడతాడు. ఫుర్ట్‌వెంగ్లర్ ఆ నాలుగో స్వరాన్ని పట్టుకుని వదలడు, రెండోసారి వచ్చినప్పుడు ఇంకా సాగదీస్తాడు. దీన్ని అతి అని తిట్టేవాళ్ళకు ఒక విషయం చెప్పాలి, రెండోసారి ఆ స్వరాన్ని బీథోవెన్ తనే ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటి కొలత) పొడిగించి రాశాడు. సాగదీత ఎంత అన్నదాని మీద వాదించుకోవచ్చు గానీ, అసలు ఎందుకు అని అడగడానికి లేదు. గార్డినర్ మాత్రం ఇవేమీ పట్టించుకోనట్టు గబగబా వెళ్ళిపోతాడు. 1817లో బీథోవెన్ స్వయంగా ప్రకటించిన మెట్రోనోమ్ (వేగం కొలిచే యంత్రం) గుర్తు మొదటి మూవ్‌మెంట్‌కు నిమిషానికి 108 దెబ్బలు. గార్డినర్ దానిమీదే నడుస్తాడు, క్లైబర్ దానికి దగ్గర్లో ఉంటాడు, ఫుర్ట్‌వెంగ్లర్ చాలా దిగువన. బీథోవెన్ మెట్రోనోమ్ పాడైపోయిందని సాకు చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే క్లైబర్ విన్నాక ఆ వేగంలో అసాధ్యమేమీ కనిపించలేదు.

ఇదే మూవ్‌మెంట్‌లో చాలామంది గమనించకుండా దాటేసే చోటు ఒకటుంది. రెండో రాగం వచ్చే ముందు హార్న్‌లు (ఇత్తడి బూరలు) పిలుపు ఇస్తాయి కదా, ఆ భాగం తిరిగి వచ్చినప్పుడు బీథోవెన్ అదే పిలుపును బసూన్లకు (లోతైన గొంతున్న చెక్క ఊదుడు వాద్యాలు) ఇచ్చాడు. ఆ కాలపు హార్న్‌లకు వాల్వులు (స్వరం మార్చే మీటలు) లేవు, శ్రుతి మారాక ఆ స్వరాలు వాటికి తేలిగ్గా అందవు. వాల్వులొచ్చాక చాలామంది కండక్టర్లు దాన్ని మళ్ళీ హార్న్‌లకే ఇచ్చేశారు, పాతకాలపు వాద్యాలతో చేసేవాళ్ళు మామూలుగా బసూన్లకే వదిలేస్తారు. హార్న్‌లతో వింటే బాగుంటుంది, బసూన్లతో వింటే కాస్త నవ్వొస్తుంది, ఆ నవ్వు కూడా బీథోవెన్‌కు కావాలేమో అని నాకో అనుమానం.

రెండో మూవ్‌మెంట్ గురించి నాకు పెద్దగా చెప్పడానికి లేదు. మూడూ బాగున్నాయి.

అసలు తగాదా మూడో మూవ్‌మెంట్ చివర్లో ఉంది. అక్కడ సంగీతం ఆగదు, అలాగని ముందుకూ పోదు. తీగ వాద్యాలు ఒక స్వరాన్ని వినీ వినపడనట్టు పట్టుకుని ఉంటాయి, టింపనీ, అంటే ఆర్కెస్ట్రాలోని పెద్ద డోళ్ళు, మెల్లగా తడుతుంటుంది, దాని మీద వయొలిన్లు చీకట్లో తడుముకుంటూ మెట్లెక్కుతున్నట్టు పైకి పోతాయి. శబ్దం పెరిగేది చివరి కొన్ని బార్లలోనే. అక్కడ సి మేజర్ శ్రుతిలో ఫినాలే బద్దలవుతుంది, అప్పటిదాకా మూడు మూవ్‌మెంట్లపాటు చేతులు కట్టుకుని కూర్చున్న ట్రాంబోన్లు, పికోలో, కాంట్రా బసూన్ అనే ఊదుడు వాద్యాలు ఒక్కసారిగా లేస్తాయి. ఫుర్ట్‌వెంగ్లర్ ఇక్కడ కాలాన్నే ఆపేసినట్టు చేస్తాడు. ఆ టింపనీ దెబ్బలు ఎన్నిసార్లు విన్నా, ఈసారి తలుపు తెరుచుకోదేమో అనిపిస్తుంది, నిజంగా టెన్షన్ పుడుతుంది. క్లైబర్ లయ సడలించడు, తలుపు తెరుచుకుంటుందని ముందే తెలిసిపోతుంది, తెరుచుకుంటుంది, ఆ వెలుగు అద్భుతం, కానీ ఎదురుచూపు తక్కువ. గార్డినర్ దగ్గర గట్టి పుల్లలతో కొట్టే టింపనీ ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. ఇది ఇంకెక్కడా నాకింత స్పష్టంగా దొరకలేదు. అయితే వణుకు పుట్టలేదు.

ఈ ఒక్కచోటు వరకు నా ఓటు ఫుర్ట్‌వెంగ్లర్‌కే. కానీ తలుపు దాటాక ఆయన చేసేది నాకు పూర్తిగా నచ్చదు. పోనుపోను వేగం పెంచి, చివరికి వచ్చేసరికి ఆర్కెస్ట్రాకు ఊపిరాడనివ్వడు. మొదటిసారి విన్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అయిదోసారికి ఇది బీథోవెన్ ఆవేశమా, ఆ రోజు హాల్లోని ఆవేశమా అని సందేహం వచ్చింది. రిపీట్ లేకపోవడమూ ఇక్కడే దెబ్బకొడుతుంది. ఫినాలే మధ్యలో ఆ మూడో మూవ్‌మెంట్ చీకటి ఓ క్షణం తిరిగొస్తుంది కదా, క్లైబర్‌లో అప్పటికే వెలుగుకు రెండుసార్లు అలవాటుపడి ఉంటాం కాబట్టి అది పాత అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు తగులుతుంది. ఫుర్ట్‌వెంగ్లర్‌లో అంత దెబ్బ తగలదు.

శబ్దం సంగతి చెప్పాలంటే 1947 నాటిది మోనో, జనం ఎదుట చేసింది, హెడ్‌ఫోన్‌లో వింటే గొంతు సవరించుకునేవాళ్ళు పక్కనే కూర్చున్నట్టుంటుంది. క్లైబర్‌ది స్టీరియో, మెరుపు ఎక్కువ, కింది స్థాయి స్వరాలు ఇంకాస్త నిండుగా ఉంటే బాగుండేదన్న ఫిర్యాదు నిజమే. గార్డినర్‌ది 1994లో వచ్చిన తొమ్మిది సింఫనీల సెట్‌లోది, అన్నిటికంటే శుభ్రం. కండక్టర్ కరాయన్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో 1962లో చేసింది ఎందుకు చెప్పలేదంటారేమో. బెర్లిన్ వాయిద్యం నునుపు తేలిపోతుంది, తప్పు పట్టలేను, కానీ విన్నాక నాకేమీ మిగలలేదు.

కాబట్టి మొదటిసారి వినేవాళ్ళకు క్లైబరే. స్కోర్ పట్టుకుని కూర్చునేవాళ్ళకు గార్డినర్. ఫుర్ట్‌వెంగ్లర్ 1947 మాత్రం ఐదోది బాగా తెలిశాకే వినండి, ఎక్కడ రాసినదాన్ని దాటి పోతున్నాడో తెలిస్తేనే ఆ పోవడంలో మజా.

ఇదంతా ఒకాయనకు చెప్తే తాపీగా విని, కార్లోస్ సరే, వాళ్ళ నాన్న ఎరిఖ్ క్లైబర్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాతో చేసింది విన్నావా, కొడుకు సగం అక్కడే నేర్చుకున్నాడు అన్నాడు. మూడు రోజులుగా అదే వింటున్నాను. మొదటి మూవ్‌మెంట్ వరకు ఆయన మాట కొట్టిపారేయలేకపోతున్నాను.