ఆర్కే బీచ్ బళ్ల మీద ముత్యాల దండలు: కొనొచ్చా?

సరదాకైతే కొనొచ్చు, ముత్యమనుకుని మాత్రం వద్దు. అంత చవగ్గా వచ్చే దండ సాధారణంగా పూత వేసిన గాజుపూసే. పంటి అంచుకి మెల్లగా రుద్దితే అసలు ముత్యం సన్న ఇసుకలా గరగరలాడుతుంది, నకిలీది జారిపోతుంది. బెజ్జం దగ్గర కూడా చూడండి: పూత పెచ్చులూడి కింద గాజు మెరుస్తుంటే ఇక బేరం అనవసరం. ఇది ఆస్ట్రేలియాలోని బ్రూమ్ ముత్యమని బండివాడు చెబితే అసలు నమ్మకండి. పింక్టాడా మ్యాక్సిమా అనే రకం ముత్యపుచిప్పలో పెరిగే ఆ ముత్యం మామూలుగా 10 మిల్లీమీటర్లు దాటుతుంది, ధరా అదే లెక్క. పూసకీ పూసకీ మధ్య ముడి లేకపోతే దారం తెగగానే అన్నీ ఇసుకపాలే. అసలు ముత్యాలున్నవాళ్లు విశాఖ కురుపాం మార్కెట్ నగల కొట్లలో ముడులతో గుచ్చమని అడగండి. సెంటు, చెమట మెరుపుని తినేస్తాయి. తీయగానే తడి మెత్తగుడ్డతో తుడవాలి.